రాయి తాగిన నీళ్లు

యూనాన్‌కి ఒళ్లు మండిపోయింది.

మఠంలో చేరి అప్పటికి పది నెలలు. ఆ పది నెలలూ వంటింట్లో గిన్నెలు తోమాడు, గాడిదకి గడ్డి వేశాడు, వేళకి గంట కొట్టాడు. ఎవరేమన్నా తల వంచుకుని ఊరుకున్నాడు. వసంతం రాగానే కొత్తగా చేరినవాళ్లకి ద్రాక్షతోటలు అప్పగిస్తారనీ, తనకి మంచి తోట వస్తుందనీ అతని ఆశ.

అప్పగించారు. ఏటిగట్టు తోట బుత్రోస్‌కి ఇచ్చారు. బుత్రోస్ వచ్చి మూడు నెలలే అయింది. పట్నంలో బట్టలు కుట్టుకుని బతికినవాడు. ద్రాక్షతీగకీ దోసపాదుకీ తేడా తెలియదు. ఆ మాట వాడే నవ్వుతూ అందరికీ చెప్పుకునేవాడు.

యూనాన్‌కి బోడిమెట్ట ఇచ్చారు.

లెబానోను కొండల్లో, ఏడాదికి నాలుగు నెలలు మంచు పడే ఎత్తులో ఉండేది ఆ మఠం. కింద ఏటి పక్కన నల్లమట్టి తోట. పైన, గంటసేపు ఎక్కితే వచ్చేది బోడిమెట్ట. అక్కడ మట్టి అనేది పేరుకే. ఎటు చూసినా తెల్లటి సున్నపురాయి. ఆ రాళ్ల సందుల్లోంచి మోకాలెత్తు తీగలు, వంకర తిరిగి, నేలకి అంటుకుని ఉండేవి. దూరం నుంచి చూస్తే ఎవరో ఎండుపుల్లలు పాతి మర్చిపోయారనిపించేది.

యూనాన్ మైదానంలో పుట్టాడు. వాళ్లది కాలువ కింద తోట. తండ్రి, తాత అందరూ ద్రాక్ష పండించినవాళ్లే. నీళ్లు ఎప్పుడు పెట్టాలో, ఎంత పెట్టాలో అతనికి నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. అసలు అతను మఠానికి వచ్చిందే నీళ్ల గొడవ వల్ల. తన వంతు నీళ్లు అన్న మళ్లించుకున్నాడని పార కర్రతో కొట్టాడు. అన్న చెయ్యి విరిగింది. తండ్రి వాకిట్లో నిలబడి పొమ్మన్నాడు. "మళ్లీ ఈ గడప తొక్కితే సన్యాసిగానే తొక్కుతాను" అని అరిచి వచ్చేశాడు యూనాన్. అంటే వెనక్కి పోవడానికి అతనికి ఇల్లు లేదు. ఉన్నదల్లా ఈ కొండే.

ఆ కొండ మీద ఉండాలన్నా ఒక కట్టుబాటు ఉంది. అప్పగించిన తోటని మూడు పంటలు ఒంటిచేత్తో చూసుకోవాలి. మూడో పంట రసం ఒక గిన్నెడు తెచ్చి తోటల పెద్ద ముందు పెట్టాలి. ఆయన ఒక్క గుక్క తాగుతాడు. నచ్చితే ఆ రసమే పూజపాత్రలో పోసి, ఆ పూజలోనే చివరి ప్రమాణం చేయిస్తారు. నచ్చకపోతే గిన్నె నేల మీద ఒంపేస్తాడు. ఒంపితే మారుమాట ఉండదు. మూట సర్దుకుని కొండ దిగిపోవాలి.

ప్రమాణం అయినవాడు ఒక పలకరాయి మీద తన పేరు చెక్కుకుంటాడు. దాన్ని తన గిన్నె నింపిన తీగ మొదట్లో బోర్లా పెడతాడు. పేరు నేల వైపు ఉంటుంది. ఒకసారి బోర్లించిన రాయిని ఎవరూ తిప్పి చూడరు.

ఇవన్నీ తెలిసి, బోడిమెట్ట చూసి వచ్చి, యూనాన్ నేరుగా తోటల పెద్ద దగ్గరికి వెళ్లాడు. ఆయన పేరు సెమాన్. ఎనభైకి దగ్గర పడ్డ మనిషి. అందరూ అబూనా అనేవారు, మా తండ్రీ అని. ఆయన మెట్ల మీద కూర్చుని రేకు గిన్నెలో నీళ్లు తాగబోతున్నాడు.

"అబూనా, నేనేం తప్పు చేశాను?"

"ఏమీ చెయ్యలేదు."

"మరి నన్ను తీసుకెళ్లి రాళ్ల మీద పడేశారేం? సూది పట్టుకునేవాడికి నల్లమట్టి తోటా? ద్రాక్షలో పుట్టి పెరిగినవాడికి ఆ బోడిగుండా?"

సెమాన్ గిన్నె కింద పెట్టాడు. పక్కన గోడలోంచి ఊడిపోయిన తెల్లరాయి ఒకటి పిడికెడంత ఉంటే, తీసి మెట్టు మీద పెట్టాడు. తాగబోతున్న నీళ్లు దాని మీద మెల్లగా, సన్నటి ధారగా పోశాడు. నాలుగు చుక్కలు పక్కకి జారాయి. మిగతావి రాయి మీద పడ్డవి పడ్డట్టే కనపడకుండా పోయాయి.

"నీళ్లు ఎక్కడికి పోయాయి?"

"ఎక్కడికి పోతాయి? వృథాగా పోయాయి!"

"సరే" అన్నాడు సెమాన్. తీగలు కత్తిరించే వంకీ కత్తి తీసి యూనాన్ చేతిలో పెట్టాడు. "వెళ్లు. పొద్దెక్కుతోంది."

ఇదొక జవాబా? ఈ పెద్దవాళ్లతో ఇదే తంటా. కడుపు మండి వచ్చినవాడికి ఒక మంచిమాట చెప్తే సొమ్మేం పోతుంది? కథ చెబుతున్న నాకే చిరాకు పుట్టింది. యూనాన్‌కి పుట్టదా? ఆ కత్తి పట్టుకుని కొండ ఎక్కుతున్నంతసేపూ పళ్లు కొరుకుతూనే ఉన్నాడు.

ఆ మొదటి ఏడాది బోడిమెట్ట అతన్ని పిండేసింది. అంత ఎత్తులో ఎండ సూదుల్లా దిగుతుంది. పైన ఎండ చాలదన్నట్టు తెల్లరాళ్లు దాన్ని తిరగ్గొట్టి కింద నుంచి విసురుతాయి. యూనాన్‌కి నుదురే కాదు, గడ్డం కింద కూడా చర్మం కాలి ఊడింది. టోపీ పెట్టుకుంటే ఏం లాభం? ఎండ కింద నుంచి వచ్చేది. పొద్దు వాలిందో లేదో చలి మొదలు. మధ్యాహ్నం చెమటకి తడిసిన చొక్కా సాయంత్రానికి ఒంటి మీద మంచుగడ్డలా ఉండేది. తీగల గతీ అంతే. పగలు వేగేవి, చీకటి పడితే ముడుచుకునేవి. కాయలు శనగగింజలకంటే కాస్త పెద్దవి. తోలు మందం. కొరికితే పళ్లు జివ్వుమనేవి.

మూడు గంపల పంట వచ్చింది. అదే రోజు బుత్రోస్ ఏటిగట్టు నుంచి పంతొమ్మిది గంపలు దింపాడు.

"నేనేమీ చెయ్యలేదన్నా" అన్నాడు బుత్రోస్, నిజంగానే ఆశ్చర్యపోతూ. "ఏరు పక్కనే ఉంది కదా, నీళ్లు అవే వచ్చాయి. కాయలూ అవే కాశాయి."

బుత్రోస్ మంచివాడు. కోపంలో ఉన్నవాడికి మంచివాడి మాటే ముల్లు. యూనాన్ ఆ రోజు అన్నం తినలేదు.

పంట అయ్యాక, మంచు పడేలోపు, అతను ఒక నిర్ణయానికి వచ్చాడు. తనకి మట్టి ఇవ్వలేదు. సరే, మట్టి తనే తెచ్చుకుంటాడు. ఏటి ఒడ్డున ఎవరిదీ కాని నల్లమట్టి గుట్టలుగా ఉంది. మఠం గాడిద ఖాళీగా ఉంది. రోజుకి ఆరుసార్లు చొప్పున నలభై రోజులు మోశాడు. రాళ్ల మీద జానెడు మందాన నల్లమట్టి పరిచాడు. పెంట తెచ్చి కలిపాడు. మంచు కరిగిన నీళ్లు చేరే రాతితొట్టి ఒకటి పైన ఉంటే, దాని నుంచి తీగల వరుసలకి కాలువలు తీశాడు. తాత నేర్పినట్టు ఒక్క బెత్తెడు కూడా తప్పకుండా తీశాడు.

కొండ అంచున ఒక మూల మాత్రం మిగిలింది. అక్కడ ఏడు పాత తీగలున్నాయి. వాలు ఎక్కువని గాడిద అటు అడుగు వెయ్యలేదు. కొట్టాడు, తోశాడు, తిట్టాడు. నాలుగు కాళ్లూ పాతేసి నిలబడింది. ఆ ఏడాది ఆ కొండ మీద బుద్ధి ఉన్న ప్రాణి అదొక్కటే అంటాను నేను.

రెండో ఏడు వసంతంలో బోడిమెట్టకి ఆ పేరు నప్పలేదు. తీగలు బారెడు బారెడు సాగాయి. ఆకులు అరచేతులంత వచ్చాయి. తెల్లరాయి ఒక్కటి కూడా కనపడకుండా పచ్చగా కమ్ముకుంది. యూనాన్ ఛాతీ విరుచుకుని సెమాన్‌ని పిలుచుకొచ్చాడు.

సెమాన్ గట్టు మీద నిలబడి చూశాడు. ఒక ఆకుని వేళ్ల మధ్య పట్టుకుని వదిలేశాడు.

"రాళ్లేవి?"

"కప్పేశాను అబూనా."

"ఊఁ" అన్నాడు సెమాన్. కర్ర పొడుచుకుంటూ దిగిపోయాడు.

చెప్పొచ్చు కదా! "ఒరే, తప్పు చేశావు" అని ఒక్కమాట! నాకు ఆయన మీద ఇక్కడ రెండోసారి కోపం వస్తుంది. ఆయన మట్టుకు చెప్పలేదు.

శరదృతువు వచ్చింది. యూనాన్ గుత్తులు ఒక్కోటి మోచెయ్యంత ఉన్నాయి, పచ్చగా ఉన్నాయి. ఇంకో వారం అనుకున్నాడు. ఇంకో వారం అనుకున్నాడు. తీగలు ఆకులు వేస్తూనే ఉన్నాయి తప్ప కాయల సంగతి పట్టించుకోలేదు. ఆ ఎత్తులో చలి ఎవరి కోసమూ ఆగదు. ఒక పొద్దున లేచి చూసేసరికి పచ్చికాయల మీద మంచు కూర్చుంది. అంచు మూలనున్న ఏడు తీగల కాయలు అప్పటికే నల్లగా పండి, పిట్టల పాలయ్యాయి. ఆ పిసరంత కాయలు ఎవరిక్కావాలని యూనాన్ అటు వెళ్లనే లేదు.

మంచు తగిలిన కాయలనే తొక్కి రసం తీశాడు. ఇరవై రెండు గంపలు. బుత్రోస్ కంటే ఎక్కువ. చలికాలం గడిచాక సెమాన్ ఒక గుక్క నోట్లో పోసుకుని, పక్కకి ఉమ్మి, గిన్నె నేల మీద ఒంపేశాడు. ఆయన తప్పేం లేదు. గడ్డి కడిగిన నీళ్లలా ఉంది ఆ రసం.

"ఇది రెండో పంటే, లెక్కలోకి రాదు" అన్నాడు సెమాన్. "మూడోది వస్తుంది."

మూడో ఏడు మంచు సరిగా పడలేదు. వానలు ముందే వెళ్లిపోయాయి. ఎండాకాలం సగంలోనే పైన రాతితొట్టి అడుగు కనపడింది. యూనాన్ తీసిన కాలువల్లో బల్లులు పరిగెత్తాయి. నల్లమట్టి నెర్రెలు విచ్చింది. బారెడు సాగిన తీగలు తలలు వాల్చేశాయి. ఆకులు అంచుల నుంచి మాడుతూ వచ్చాయి.

యూనాన్ గాడిద మీద ఏటి నీళ్లు మొయ్యడం మొదలుపెట్టాడు. పొద్దున రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు. నీళ్లు పడ్డంతసేపు తీగలు కాస్త తేరుకునేవి, మధ్యాహ్నానికి మళ్లీ వాలిపోయేవి. పదో రోజున ఏరు కూడా సన్నగిల్లింది. మఠం వాకిట్లో అందరి ముందూ సెమాన్ గాడిద తాడు పట్టుకుని ఆపాడు.

"ఇక చాలు. ఏటి నీళ్లు తాగడానికే."

అంతే. యూనాన్‌లో మూడేళ్లుగా మూత పెట్టి ఉంచింది పొంగి బయటికొచ్చింది.

"చాలా? మీకు చాలు! నా తోట చస్తోంది! నా గిన్నె ఏం పెట్టి నింపను? మీరు నన్ను పంపేద్దామనే ఆ రాళ్లు ఇచ్చారు. మా నాన్నలాగా మొదటిరోజే పొమ్మంటే పోయేది. మూడేళ్లు ఎండలో కాల్చి, చలిలో వణికించి, ఇప్పుడు నీళ్లు కూడా లాక్కుంటారా? నాకీ మఠం వద్దు. ఆ తీగలన్నీ పీకి పారేసి పోతాను!"

గోడకి ఆనించిన గునపం తీసుకున్నాడు. బుత్రోస్ అడ్డం వస్తే భుజంతో తోసేశాడు.

"పీకు" అన్నాడు సెమాన్.

అందరూ ఆగిపోయారు.

"పద. నేనూ వస్తాను."

ముసలాయన ఆ ఎండలో గంట దారి ఎక్కాడు. దారిలో రెండుసార్లు రాయి మీద కూర్చుని ఊపిరి తీసుకున్నాడు. యూనాన్ ఆగాడే గాని చెయ్యి అందించలేదు. పైకి చేరాక సెమాన్ ఎండిన వరుసలన్నీ దాటి, కొండ అంచున ఉన్న ఏడు తీగల దగ్గరికి నడిచాడు. అవి మాత్రం ఎప్పటిలాగే ఉన్నాయి. చిన్న ఆకులు, చిన్న గుత్తులు. వాటిలో అన్నిటికంటే లావుగా, చుట్టలు చుట్టుకున్న తీగని కర్రతో చూపించాడు.

"ముందు ఇది పీకు. నరకొద్దు. వేరు చివర దాకా రావాలి. చివర నీ చేతికి వచ్చాక దాన్ని పట్టుకుని కిందికి రా. నీ మూట నేనే సర్ది ఉంచుతాను."

చెప్పి వెళ్లిపోయాడు. వెనక్కి కూడా చూడలేదు.

యూనాన్ తీగ మొదట్లో ఉన్న పలకరాయిని కాలితో ఒక్క తన్ను తన్నాడు. అది అంత దూరాన పడింది. గునపం ఎత్తాడు.

మొదటి పోటు అన్న పేరు మీద వేశాడు. రెండోది తండ్రి పేరు మీద. బుత్రోస్ పేరు మీద కూడా కొన్ని పడ్డాయి. తర్వాతవన్నీ సెమాన్‌వే. సున్నపురాయి పలకలు పలకలుగా లేచింది. వేరు రెండు పలకల మధ్య నాడాలా పల్చగా అణిగి, అంత సందులోంచి జారుకుంటూ కిందికి పోయింది. సందు దాటాక మళ్లీ వేలంత లావైంది. పట్టుకుని లాగాడు. రాలేదు. తవ్వాడు.

మోకాలి లోతు. నడుం లోతు. తోలుతిత్తిలో నీళ్లు అయిపోయాయి. నోరు ఎండి నాలుక అంగిట్లో అతుక్కుంది. అయినా ఆగలేదు. ఆగితే ఓడిపోయినట్టే అనుకున్నాడు. ఎవరి చేతిలో ఓడిపోతాడో అతనికే తెలియదు.

ఛాతీ లోతుకి వచ్చేసరికి రాయి రంగు మారింది. పైన తెల్లగా, పొడిగా ఉన్న రాయి అక్కడ బూడిదరంగుకి తిరిగింది. పొద్దు వాలే వేళకి అతని తల కూడా గుంటలో మునిగింది. వేరు ఇంకా పోతూనే ఉంది. మెడ మీద ఏదో చల్లగా తగిలినట్టయింది. గుంట గోడకి అరచెయ్యి ఆనించాడు.

చెయ్యి తడిసింది.

రాయి మీద సన్నటి పిల్లవేళ్లు నూగులా అల్లుకుని ఉన్నాయి. రాయిని పట్టుకుని తాగుతున్నాయి. పైన మనుషులు తాగడానికే నీళ్లు చాలని ఎండాకాలంలో, కొండ నెత్తిన, రాతి లోపల. యూనాన్ ముఖం ఆనించి ఆ రాయిని నాకాడు. చల్లగా ఉంది. అది ఏ సంవత్సరం కురిసిన మంచో ఎవరికి తెలుసు!



పైకి వచ్చి, తను మట్టి మోసి పెంచిన తీగ ఒకదాని దగ్గరికి వెళ్లాడు. మొదలు పట్టుకుని ఒక్క చేత్తో లాగాడు. ఊడి వచ్చేసింది. పైపైన జానెడు లోతులోనే ఉన్నిలా ముద్ద కట్టిన వేళ్లు. అన్నీ ఎండిపోయి ఉన్నాయి. కిందికి పోయిన పాత వేరు ఎప్పుడో పనిమానేసి పుచ్చిపోయింది. పక్క తీగ లాగాడు. అదీ అంతే. మూడోది లాగలేదు.

ఇంకా కొంచెం వెలుగు ఉంది. గుంట దగ్గరికి వచ్చి, వేరు నలగకుండా, తీసిన పలకలు తీసినట్టే ఒక్కొక్కటీ పేర్చడం మొదలుపెట్టాడు. గుంట సగం పూడాక, పొద్దున తన్నిన పలకరాయి కోసం వెతికాడు. అది వెల్లకిలా పడి ఉంది.

దాని మీద పేరు చెక్కి ఉంది. సెమాన్. కింద అరవై ఒక్క ఏళ్ల నాటి సంవత్సరం.

యూనాన్ ఆ రాయిని గుండెకి పట్టుకుని కొండ దిగాడు. దిగడం కాదు, పడుతూ లేస్తూ పరిగెత్తాడు. సెమాన్ వంటింటి అరుగు మీద చిక్కుళ్లు వలుస్తున్నాడు. పక్కనే యూనాన్ మూట, చక్కగా కట్టి ఉంది.

"ఇది మీది!" అరిచాడు యూనాన్. అతని గొంతు మూడేళ్లలో ఎప్పుడూ అంత పెద్దగా లేవలేదు. "ఇది మీ తీగ! ఎందుకు చెప్పలేదు?"

సెమాన్ తలెత్తాడు. "ఆ రాయి బోర్లా ఉండాలి. ఎందుకు తిప్పావు?"

"నాతో తవ్విస్తారా? అరవై ఏళ్ల తీగని! మీ గిన్నె నింపిన తీగని! ఆ గుంట చూశారా? అది ఇక బతుకుతుందో చస్తుందో నాకే తెలీదు. నాది కోపం. నేనొక మూర్ఖుణ్ని. మీకేమైంది? ఒక్కమాట, ఇది నాదని ఒక్కమాట చెప్పి ఉంటే!"

"చెప్తే తవ్వేవాడివా?"

"చచ్చినా తవ్వేవాణ్ని కాదు!"

సెమాన్ ఇంకో చిక్కుడుకాయ వలిచాడు. గింజలు గిన్నెలో వేశాడు.

"ఎంత లోతు పోయింది?"

"నా తల మునిగింది. ఇంకా కిందికి పోతూనే ఉంది. చివర దొరకలేదు."

ముసలాయన చేతులు ఆగిపోయాయి. కాయ ఒళ్లో జారిపడింది.

"తల మునిగిందా" అన్నాడు మెల్లగా. "అరవై ఏళ్లు దాని పక్కనే తిరిగాను. నేనెప్పుడూ చూడలేదు."

యూనాన్ అక్కడే నేల మీద కూలబడ్డాడు. ఏడ్చాడు. అది పశ్చాత్తాపం అని చెప్పడానికి నాకు నోరు రావడం లేదు. అందులో సగానికి పైగా కోపమే. అంత ప్రియమైనదాన్ని తన గునపం కింద పెట్టి, పైగా తీరిగ్గా చిక్కుళ్లు వలుస్తున్న ఆ మనిషి మీద పట్టలేని కోపం.

సెమాన్ చిక్కుళ్ల గిన్నె అతని ముందుకి జరిపాడు. కాసేపటికి యూనాన్ కూడా వలవడం మొదలుపెట్టాడు. మూట విప్పమని గాని, తీసుకుపొమ్మని గాని ఎవరూ అనలేదు.

మర్నాటి నుంచి అతను నల్లమట్టిని కిందికి మోశాడు. ఎక్కించడానికి నలభై రోజులు పడితే దించడానికి అరవై రోజులు పట్టింది. రాళ్ల సందుల్లో దిగిన మట్టిని వేళ్లతో గీకి తియ్యాల్సి వచ్చింది. బుత్రోస్ అడక్కుండానే వచ్చి సాయం పట్టాడు. తోసేసిన భుజం గురించి ఇద్దరూ మాట్లాడుకోలేదు.

సెమాన్ తీగ వారంలో ఆకు రాల్చింది. గుత్తులు ఎండిపోయాయి. పెద్ద వరుసల్లో ఏమీ మిగల్లేదు. అంచున మిగిలిన ఆరు తీగలే కాశాయి. అరగంప. నల్లటి, గట్టి తోలు కాయలు. యూనాన్ వాటిని ఒక చిన్న కూజాలో పులియబెట్టి, చలికాలమంతా నేలమాళిగలో పెట్టాడు.

వసంతం వచ్చింది. ఇద్దరి గిన్నెలూ సెమాన్ ముందు పెట్టారు. మఠంలో ఉన్నవాళ్లంతా గోడల వెంట నిలబడ్డారు. యూనాన్ తన మూట తనే కట్టుకుని గుమ్మం పక్కన పెట్టుకున్నాడు.

సెమాన్ ముందు బుత్రోస్ గిన్నె తీసుకున్నాడు. మెత్తటి, తియ్యటి రసం. తల ఊపి పక్కన పెట్టాడు. బుత్రోస్ మోకాళ్ల మీద కూలబడి కళ్లు తుడుచుకున్నాడు.

తర్వాత యూనాన్ గిన్నె. ఒక గుక్క నోట్లో పట్టాడు. ముఖం ముడుచుకుంది. కళ్లు మూసుకున్నాడు. మింగలేదు, ఉమ్మలేదు. గిన్నె ఉన్న చెయ్యి కొంచెం కిందికి వంగింది. యూనాన్ ఆ చెయ్యినే చూస్తున్నాడు.

సెమాన్ మింగాడు.

"దీనికి ఇంకా కోపం పోలేదు" అన్నాడు.

"పోలేదు అబూనా" అన్నాడు యూనాన్. 

"ముందు ఎండ తగిలింది. ఆ వెనక చలి." సెమాన్ నాలుకతో పళ్లు తడుముకున్నాడు. "ఆఖర్న రాయి."

కట్టుబాటు ప్రకారం ఒక్క గుక్కే. ఆయన రెండోది తాగాడు. ఆ తర్వాత గిన్నెని రెండు చేతులతో పట్టుకుని బలిపీఠం వైపు నడిచాడు.

ప్రమాణం అయిన మూడో రోజున యూనాన్ పేరు చెక్కిన పలకరాయి భుజాన వేసుకుని బోడిమెట్ట ఎక్కాడు. సెమాన్ కూడా వస్తానన్నాడు. ఈసారి యూనాన్ చెయ్యి అందించాడు.

"మీ మీద నా కోపం ఇంకా ఉంది అబూనా" అన్నాడు సగం దారిలో.

"మంచిది. ఉండనీ."

పైన తెల్లరాళ్లు కళ్లు చెదిరేలా మెరుస్తున్నాయి. అంచు మూలన ఆరు తీగలు చిగురు పట్టాయి. ఏడోది ఎండుకట్టెలా ఉంది. యూనాన్ నేరుగా ఏడోదాని దగ్గరికి వెళ్లి కూర్చున్నాడు.

"నీ గిన్నె నింపింది అవి ఆరు" అన్నాడు సెమాన్. "దీని రసం నీ గిన్నెలో చుక్క కూడా లేదు."

 యూనాన్ నడుముకి కట్టుకున్న రేకు గిన్నె విప్పాడు. తిత్తిలో తాగడానికి తెచ్చుకున్న నీళ్లు అందులో నింపి, ఆ తీగ మొదట్లో రాళ్ల మీద మెల్లగా, సన్నటి ధారగా పోశాడు. పోసినవి పోసినట్టే కనపడకుండా పోయాయి.

తన పలకరాయిని సెమాన్ రాయి పక్కన బోర్లా పెట్టి, కదలకుండా చుట్టూ చిన్న రాళ్లు సర్దాడు.

నీళ్లు ఎక్కడికి పోయాయని సెమాన్ ఈసారి అడగలేదు. తన వంతు పొయ్యడానికి ఖాళీ గిన్నె కోసం చెయ్యి చాపాడు.